ఎస్టీపీ పనులు జరిగే రోజుల్లో తాత్కాలిక పంపింగ్: రెండు పంపులు సరిపోతాయా?

తమ్ముడూ, నీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, ఇద్దరం ఒకే విషయం మాట్లాడుకుంటున్నామో లేదో తెలుస్తుంది. హైదరాబాద్‌లో మూసీ పక్కన 20 ఎంఎల్‌డీ (రోజుకు రెండు కోట్ల లీటర్ల) ఎస్టీపీ, అంటే మురుగు శుద్ధి కేంద్రం. ఇన్‌లెట్ చాంబర్ కాంక్రీటు తినేసింది. స్క్రీన్లు (చెత్త ఆపే జాలీలు), రా సీవేజ్ పంపులు అన్నీ మార్చాలి. పది రోజులు ఆ భాగం పొడిగా ఉండాలి. దానికి ముందున్న మ్యాన్‌హోల్‌లోంచి మురుగు తోడి, 180 మీటర్ల పైపు వేసి, నేరుగా ఇసుక, మట్టి దిగే గ్రిట్ చాంబర్‌లో పోస్తామంటున్నాడు కాంట్రాక్టర్. గంటకు 1000 ఘనపు మీటర్ల పంపులు రెండు, 450 ఎంఎం హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) లైను ఒకటి. "రెండు వేల కెపాసిటీ పెడుతున్నం సార్, ఏం గాదు" అన్నాడు. స్కీమును ఓకే చేస్తూ సంతకం పెట్టాల్సింది నువ్వు. పెట్టొచ్చా అన్నా అని అడిగావు.

ఇప్పుడున్నట్టుగా అయితే పెట్టొద్దు. ఆ స్కీములో పంపులు నడుస్తున్నప్పటి సంగతి మాత్రమే ఉంది. ఆగినప్పుడు ఏమవుతుందో ఒక్క లైను కూడా లేదు. ఇలా మురుగును పక్కదారి పట్టించే బైపాస్ స్కీము ఏది నా ముందుకొచ్చినా నేను మొదట వెతికేది ఒకే అంకె: పంపులు ఆగిన క్షణం నుంచి మురుగు రోడ్డు మీదికో, ఎవరి బాత్రూంలోకో ఎక్కేదాకా ఎన్ని నిమిషాలు? ఆ అంకె చేతిలో ఉంటే స్టాండ్‌బై (ఒకటి ఆగితే అందుకునే అదనపు పంపు) ఎంత కావాలి, ఆటో స్టార్ట్ అవసరమా, రాత్రి ఎవరు ఉండాలి అన్నవన్నీ దాంట్లోంచే వస్తాయి. అది లేకపోతే మిగతా అంకెలన్నీ అలంకారమే.

ముందు వచ్చే నీళ్ల లెక్క చూద్దాం. 20 ఎంఎల్‌డీ అంటే సగటున గంటకు 833 ఘనపు మీటర్లు. కేంద్ర ప్రభుత్వ సీపీహెచ్‌ఈఈఓ మాన్యువల్ ప్రకారం పీక్ ఫ్యాక్టర్ (పోటు వేళ ఫ్లో సగటుకు ఎన్ని రెట్లో) 20 వేల జనాభా లోపు 3, 50 వేల వరకు 2.5, ఏడున్నర లక్షల వరకు 2.25, ఆపైన 2. నీ ప్లాంటు కింద లక్షన్నర, రెండు లక్షల మంది ఉంటారు కాబట్టి 2.25 వేసుకో. 1875 వస్తుంది. కాంట్రాక్టర్ 2000 అన్నది ఇందుకే, కాగితం మీద అతను తప్పు చెప్పలేదు.

కానీ మన ఊళ్లో మురుగు మాన్యువల్ చదివి రాదు. ఇక్కడ చాలా ఏరియాలకు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. నీళ్లు వచ్చిన రోజు బట్టలు, ఇల్లు కడగడం, సంపులు పొర్లడం అన్నీ కలిసి గ్రాఫు ఒకలా ఉంటుంది, రాని రోజు ఇంకోలా ఉంటుంది. ఒక్కరోజు రీడింగులు తీసి డిజైన్ చేస్తే ఏ రోజు తీశావన్న దాని మీద నీ అదృష్టం ఆధారపడుతుంది. ఆదివారం పొద్దుటి పీక్ ఆలస్యంగా వస్తుంది. హాస్టళ్లు ఎక్కువున్న ఐటీ వైపు ఏరియాల్లో సోమవారం పొద్దున ఎనిమిదింటికి వచ్చే పోటు చూస్తే ఆశ్చర్యపోతావు. పాతబస్తీ వైపు నుంచి వచ్చే ట్రంకు (ప్రధాన) లైను అయితే రంజాన్ నెలలో సహరీ వేళ, అంటే మామూలుగా లైను పడుకుని ఉండాల్సిన తెల్లవారుజామున, ఫ్లో లేస్తుంది. అందుకని ఆ మ్యాన్‌హోల్‌లో అల్ట్రాసోనిక్ లెవెల్ సెన్సర్ ఒకటి వేలాడదీసి, కనీసం రెండు వారాలు పదిహేను నిమిషాలకోసారి రీడింగు రికార్డు చేయించు. దీనికయ్యే ఖర్చు పంపు అద్దెల ముందు లెక్కలోకి కూడా రాదు. అయినా ఎవరూ చేయరు.

ఇక వాన. మన డ్రైనేజీకి వరద నీళ్లతో సంబంధం ఉండకూడదు, కాగితం మీద. అపార్ట్‌మెంట్ల డాబా పైపులు ఎక్కడ కలుస్తాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. గల్లీలో నీళ్లు నిలిస్తే జనం మొదట చేసే పని మ్యాన్‌హోల్ మూత ఎత్తడం. గట్టి వాన పడితే మురుగు లైను కూడా నాలాలాగే పారుతుంది, ఏ పీక్ ఫ్యాక్టరూ దాన్ని పట్టుకోలేదు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఈ పని పెట్టుకోవద్దు. సెప్టెంబరు పోయింది కదా అని అక్టోబరుకు ఒప్పుకోవద్దు. 2020లో ఊరిని ముంచిన వాన అక్టోబరు 13, 14 తేదీల్లోనే పడింది. పైగా నీది మూసీ ఒడ్డు. గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే నీ ప్యానెల్ బోర్డు, డీజిల్ ట్యాంకు ఏ లెవెల్లో ఉన్నాయన్నది ముఖ్యమైపోతుంది. 1908 వరద తర్వాత ఊరిని కాపాడటానికి కట్టిన చెరువులే అవి, కానీ నిండితే వదలక తప్పదు.

డిసెంబరు నుంచి మార్చి మధ్య పెట్టుకో. సంక్రాంతి వారం ఊరు సగం ఖాళీ అవుతుంది, ఫ్లో బాగా తగ్గుతుంది, కాబట్టి అదే మంచి సమయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఫ్లో తగ్గే మాట నిజం. కానీ నీ ఫిట్టరు, వెల్డరు, హైడ్రా (క్రేన్) డ్రైవరు కూడా అదే బస్సెక్కి ఊరెళ్తారు. పండగకు వారం ముందు పని అయిపోవాలి, లేదా పండగయ్యాక మొదలుపెట్టాలి.

ఇప్పుడు నిమిషాల లెక్క. నీ డ్రాయింగులో మ్యాన్‌హోల్‌కు వచ్చే ట్రంకు లైను 1200 ఎంఎం, వాలు 1000కి 1 అని ఉంది. దాని అడ్డుకోత వైశాల్యం 1.13 చదరపు మీటర్లు. పీక్ ఫ్లోలో అది దాదాపు సగం నిండి పారుతుంది, మిగతా సగం ఖాళీ. వెనక్కి 400 మీటర్ల దాకా ఆ ఖాళీ నిండేవరకు ఎవరికీ ఇబ్బంది లేదనుకుంటే 226 ఘనపు మీటర్లు. పంపులు దింపే మ్యాన్‌హోల్, దాన్ని ఆనుకున్న పాత చాంబర్ కలిపి ఇంకో 150 వేసుకో. మొత్తం 376. పీక్‌లో నిమిషానికి 31 ఘనపు మీటర్లు వస్తుంటే 12 నిమిషాలు. అంతే. రాత్రి రెండు మూడింటికి ఫ్లో బాగా పడిపోయినప్పుడు గంటకు పైనే దొరుకుతుంది. పొద్దున ఎనిమిదింటికి పన్నెండు నిమిషాలు.

ఇది మోటు లెక్క. నువ్వు సరిగ్గా చేయాలంటే వెనకనున్న మ్యాన్‌హోళ్ల మూతల లెవెళ్లు, ముఖ్యంగా అన్నిటికన్నా పల్లంలో ఉన్న ఇంటి కనెక్షన్ లెవెల్ తీయించాలి. చాలామంది దగ్గర్లోని మ్యాన్‌హోల్ మూత చూసి నాలుగు మీటర్ల ఎత్తు ఉంది కదా అనుకుంటారు. మురుగు మూత దాకా వచ్చే ముందే ఎక్కడో పల్లపు బస్తీలో గ్రౌండ్ ఫ్లోర్ టాయిలెట్లోంచి పైకి తంతుంది. అక్కడి లెవెలే నీ హద్దు.

ఈ పన్నెండు నిమిషాలు దగ్గర పెట్టుకుని కాంట్రాక్టర్ స్కీమును మళ్లీ చూడు. ఒక పంపు ఆగింది. మిగిలింది 1000. వచ్చేది 1875. నిమిషానికి పద్నాలుగున్నర ఘనపు మీటర్లు పేరుకుంటాయి, పాతిక నిమిషాలు దొరుకుతాయి. ఆ పాతిక నిమిషాల్లో ఆపరేటర్ గమనించాలి, ఫోన్ చేయాలి, మెకానిక్ రావాలి, ఇంపెల్లర్‌లో (పంపు లోపల తిరిగే చక్రం) చుట్టుకున్న చీర ముక్క తీయాలి. నువ్వు సైట్‌లో పనిచేసినవాడివి, అవుతుందో లేదో నువ్వే చెప్పు.

అందుకని 1000వి మూడు ఉండాలి: రెండు నడవడానికి, ఒకటి స్టాండ్‌బై. ఆ మూడోది లారీలోనో గోడౌన్‌లోనో కాదు, పైపుకు కనెక్ట్ అయి, ప్రైమ్ అయి (లోపల నీళ్లు నిండి), లెవెల్ స్విచ్ తగలగానే తనంతట తాను స్టార్ట్ అయ్యేలా ఉండాలి. ఇవి కాక గంటకు 400 ఘనపు మీటర్ల చిన్న పంపు ఒకటి పెట్టించు. రాత్రి గంటకు మూడు వందలు వచ్చేటప్పుడు వెయ్యి పంపు నడిస్తే కాసేపట్లో చాంబర్ ఖాళీ, ఆగుతుంది, మళ్లీ నిండుతుంది, మళ్లీ స్టార్ట్. మోటార్లు కాలేది, ఇంజిన్ స్టార్టర్లు పోయేది ఇలాంటి రాత్రుళ్లే. చిన్న పంపు రాత్రంతా ఒకే తీరున నడిస్తే పెద్దవాటికి విశ్రాంతి, ఆపరేటర్‌కు టెన్షన్ తక్కువ.

స్టాండ్‌బై అంటే సంఖ్య ఒక్కటే కాదు. రెండు పంపులనూ ఒకేసారి ఆపే కారణం ఏముందో వెతుకు. మూడూ కరెంటు పంపులై ఒకే ప్యానెల్ మీద ఉంటే నీకు స్టాండ్‌బై లేనట్టే. నడిచేవి కరెంటువైతే స్టాండ్‌బై డీజిల్ ఇంజిన్‌ది పెట్టు. మార్చి చివర నుంచి సాయంత్రం గాలిదుమారం లేచిందంటే ఏ ఫీడర్ ఎప్పుడు ట్రిప్ అవుతుందో చెప్పలేం. మూడూ డీజిల్‌వైతే ఒకే ట్యాంకు నుంచి తాగుతున్నాయా చూడు. ట్యాంకు అడుగున నీళ్లు చేరితే మూడూ ఒకే గంటలో ఆగుతాయి. మూడు సక్షన్‌లూ (నీళ్లు పీల్చే నోళ్లు) ఒకే మూల ఉంటే ఒకే చెత్త మూటకు మూడూ బలి.

నగరంలో ఒక ప్లాంటు దగ్గర, పేరు అనవసరం, స్టాండ్‌బై ఇంజిన్ కొత్తది, ఖరీదైనది. దింపిన రోజు నుంచి దాన్ని ఎవరూ స్టార్ట్ చేయలేదు. అవసరం వచ్చిన రోజు బ్యాటరీ డౌన్. ఇంకో బ్యాటరీ తెచ్చేలోపు కింద గల్లీలో నాలుగైదు ఇళ్లలోకి మురుగు వచ్చింది. ఆ ఇళ్లవాళ్లతో మాట్లాడటానికి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. బియ్యం డబ్బా చూపించి ఏం చేసుకోమంటారని అడిగిందో పెద్దమ్మ. అప్పటి నుంచి నా సైట్లలో రూలు ఒకటే: స్టాండ్‌బైకి వేరే పేరు లేదు, ప్రతి షిఫ్టులో పంపులు మారాలి. నిన్న నడిచినది ఇవాళ స్టాండ్‌బై. నడవని ఇంజిన్ మీద నాకు నమ్మకం లేదు.

పైపు దగ్గరికి వద్దాం, ఈ స్కీములో అసలు దొంగ అక్కడే దాక్కున్నాడు. 450 ఎంఎం హెచ్‌డీపీఈ లోపలి వ్యాసం దాదాపు 400 వస్తుంది. మ్యాన్‌హోల్‌లో నీటి మట్టం నేల కింద 5 మీటర్లు, గ్రిట్ చాంబర్ నేల మీద 4 మీటర్లు, స్టాటిక్ హెడ్ (నీళ్లను ఎత్తాల్సిన ఎత్తు) 9. పీక్ ఫ్లోను రెండు లైన్లుగా పంచితే ఒక్కో దాంట్లో వేగం సెకనుకు 2.1 మీటర్లు, 180 మీటర్లకు రాపిడి నష్టం ఒకటిన్నర, రెండు మీటర్ల మధ్య, బెండ్లు వాల్వులకు ఇంకో మీటరుంబావు. మొత్తం 12 మీటర్లు. అదే నీళ్లు ఒకే లైనులోకి తోస్తే వేగం నాలుగు దాటుతుంది. రాపిడి రెట్టింపు కాదు, మూడున్నర రెట్లవుతుంది, ఫిట్టింగుల నష్టం నాలుగు రెట్లు. మొత్తం హెడ్ 20 మీటర్లకు పైన.

కాంట్రాక్టర్ చూపిస్తున్న 1000 అంకె ఏ హెడ్ దగ్గరిదో అడుగు. నా అనుమానం 12 దగ్గరిది. 20 దగ్గర అదే పంపు కర్వ్ (హెడ్ పెరిగితే నీళ్లు ఎంత తగ్గుతాయో చూపే గ్రాఫు) మీద వెనక్కి జరుగుతుంది, రెండూ కలిపినా 2000 దరిదాపుల్లోకి రావు. పంపులు మార్చమని గొడవపడే కన్నా రెండో లైను వేయమను. చవకలో పోతుంది. ఒక లైను పగిలినా ఇంకోటి ఉంటుంది. కరెంటు కోణంలో చూసినా అంతే: 65 శాతం సామర్థ్యం అనుకుంటే 12 మీటర్లకు పీక్‌లో 94 కిలోవాట్లు చాలు, 20కి 160 కావాలి. డీజిల్ ఇంజిన్ కిలోవాట్ గంటకు పావు లీటరు తాగుతుంది అనుకో, పీక్ గంటలో తేడా 16 లీటర్లు. రెండో లైను పైపు ఖర్చులో కొంత అక్కడే తిరిగొస్తుంది.

పంపు రకం కూడా అడగలేదు నువ్వు. గట్టు మీద కూర్చుని పైకి లాగే సెల్ఫ్ ప్రైమింగ్ ఇంజిన్ పంపులు తెస్తే సక్షన్ లెక్క తప్పనిసరి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ గాలి పీడనం నీటి లెక్కలో 9.7 మీటర్లకు మించదు. అందులోంచి ఎండాకాలపు మురుగు ఆవిరి పీడనానికి 0.6, పంపు అడిగే ఎన్‌పీఎస్‌హెచ్ (దాని నోటి దగ్గర ఉండాల్సిన కనీస పీడనం) నాలుగు, సక్షన్ పైపు రాపిడికి 0.8, భద్రతకు అరమీటరు తీసేయి. మిగిలేది 3.8. నీ నీటి మట్టం 5 మీటర్ల లోతులో ఉంది. కేటలాగులో 8 మీటర్ల లిఫ్ట్ అని రాసుంటుంది, చూపిస్తాడు. అది ప్రైమ్ అవ్వగల లోతు. ఆ లోతులోంచి పూర్తి డిశ్చార్జి ఇస్తానని ఏ కేటలాగూ చెప్పదు. గులకరాళ్లు కొట్టినట్టు చప్పుడు చేస్తూ పంపు నడుస్తూనే ఉంటుంది, నీళ్లు మాత్రం సగం వస్తాయి. కాబట్టి మ్యాన్‌హోల్‌లోకి దిగే నాన్‌క్లాగ్ సబ్‌మెర్సిబుల్‌లు (చెత్త ఇరుక్కోకుండా, నీళ్లలో మునిగి నడిచే పంపులు) అడుగు. స్టాండ్‌బై డీజిల్‌ది గట్టుమీదే పెట్టక తప్పదు అంటే దానికి చిన్న గుంత తీసి రెండు మీటర్లు కిందికి దించి కూర్చోబెట్టమను, లేదా జనరేటర్ మీద నడిచే సబ్‌మెర్సిబుల్‌నే స్టాండ్‌బైగా తీసుకో. రెండోదే నాకు ఇష్టం. గుంతలోకి వాన నీళ్లు, పొగ, రాత్రి దిగే ఆపరేటర్ కాలు, అన్నీ సమస్యలే.

ఇంపెల్లర్‌లోంచి ఎంత సైజు గట్టి వస్తువు పోతుందో చూడు. ఎస్టీపీ ముందు తోడుతున్నావు, స్క్రీన్ ఇంకా రాలేదు. కనీసం 75, వీలైతే 100 ఎంఎం ఉండాలి. సెల్లార్ నీళ్లు తోడే డీవాటరింగ్ పంపులు తెచ్చి మురుగు పంపులని చెప్పేవాళ్లకు కొదవ లేదు. మన లైన్లలో వచ్చే సరుకు చూస్తే పంపు మీద జాలేస్తుంది: చీర ముక్కలు, జుట్టు, న్యాప్‌కిన్లు, గుట్కా ప్యాకెట్ల తోరణాలు, హోటళ్ల కొవ్వు గడ్డలు. అందుకని పంపుల ముందు మ్యాన్‌హోల్‌లో పైకి లాగి కడిగే బుట్ట జాలీ ఒకటి, కడగడానికి తీసినప్పుడు దాని వెనక రెండోది. జాలీ కడగడం ఒక మనిషికి పూర్తి షిఫ్టు పని. "ఆపరేటరే చూస్కుంటడు" అంటే ఒప్పుకోవద్దు.

ఈ జాలీ పంపు కోసం మాత్రమే కాదు. నువ్వు స్క్రీన్లు దాటించి గ్రిట్ చాంబర్‌లో పోస్తున్నావు. పది రోజులు జల్లెడ లేని మురుగు లోపలికి వెళ్తే ఆ గుడ్డలన్నీ ఏరేషన్ డిఫ్యూజర్లకు (ట్యాంకులో గాలి బుడగలు వదిలేవి), ఎస్‌బీఆర్ (ఒకే ట్యాంకులో విడతలుగా నింపి శుద్ధి చేసే పద్ధతి) అయితే డికాంటర్‌కు (పైన తేరిన నీళ్లు తీసేది) చుట్టుకుంటాయి. కొత్త స్క్రీన్లు బిగించి ఫోటోలు దిగిన నెలకు వెనక ట్యాంకులో గాలి బుడగలు ఒకవైపే వస్తున్నాయేంటని తల పట్టుకుంటారు. గ్రిట్ చాంబర్ ముందు ఛానెల్‌లో తాత్కాలిక బార్ స్క్రీన్ బిగించి, చేత్తో రేక్ (పళ్ల పార) పట్టి చెత్త లాగేందుకు ప్లాట్‌ఫాం కట్టించు.

నీ ప్లాంటు ఎస్‌బీఆరో పాత యూఏఎస్‌బీయో (గాలి లేకుండా, మురుగును కింది నుంచి పైకి పారించి శుద్ధి చేసేది) రాయలేదు. ఎస్‌బీఆర్ అయితే ఏ బేసిన్ ఎప్పుడు నింపుకుంటుందో ఆ సైకిల్‌ను బట్టి పంపులు నడవాలి, కాబట్టి ప్లాంటు ఆపరేటర్‌నూ బైపాస్ ఆపరేటర్‌నూ ఒకే వాకీటాకీ మీద ఉంచు. అంబర్‌పేట 339 ఎంఎల్‌డీ ప్లాంటు తరం యూఏఎస్‌బీ అయితే ఇంకా సున్నితం. అందులో నీరు కింది నుంచి పైకి సగటున గంటకు అరమీటరు వేగంతో లేవాలి. రెండు పెద్ద పంపులు ఒక్కసారిగా ఆన్ ఆఫ్ అవుతుంటే ఆ తోపుకు లోపలి స్లడ్జ్ బ్లాంకెట్ (శుద్ధి చేసే సూక్ష్మజీవుల బురద పొర) లేచి బయటికి కొట్టుకుపోతుంది. అది మళ్లీ పెరగడానికి నెలలు పడుతుంది. పంపు వేగాన్ని మెల్లగా పెంచి తగ్గించే వీఎఫ్‌డీ ఎందుకని అడిగే పైవాళ్లకు ఈ మాట చెప్పు. అంత పెద్ద ప్లాంట్లలో అయితే మొత్తం ఫ్లోను అద్దె పంపులతో దాటించాలన్న ఆలోచనే పెట్టుకోరాదు. 339 ఎంఎల్‌డీ అంటే సగటునే గంటకు 14 వేల ఘనపు మీటర్లు. అక్కడ గేట్లు వేసి ఒక్కో ఛానెల్‌ను విడివిడిగా ఖాళీ చేసుకుంటూ పోవడమే దారి. నీ ప్లాంటులో కూడా ఇన్‌లెట్ చాంబర్‌ను మధ్యలో తాత్కాలిక గోడ కట్టి సగం సగం చేయడం కుదురుతుందేమో ఒకసారి స్ట్రక్చరల్ వాళ్లను అడుగు. కుదిరితే బైపాస్ సగానికి తగ్గుతుంది.

మూసీలోకి వదిలేద్దాం, పది రోజులే కదా అనేవాడు ప్రతి మీటింగులో ఒకడు ఉంటాడు. 1974 వాటర్ యాక్ట్ కింద శుద్ధి చేయని మురుగు నదిలోకి వదలడం నిషేధం, ప్లాంటు కన్సెంట్ (కాలుష్య నియంత్రణ మండలి అనుమతి) దాని మీదే నడుస్తోంది. ఆ మాట మినిట్స్‌లో రాయించు, అన్నవాడి పేరుతో సహా. మళ్లీ ఎవరూ అనరు.

లైను మూసే ప్లగ్ సంగతి జాగ్రత్తగా విను, మనుషులు పోయేది ఇక్కడే. 1200 ఎంఎం పైపులో గాలి ప్లగ్ (గాలి ఊది పైపును మూసే రబ్బరు బిరడా) పెట్టి వెనక నీళ్లు నిలబెడితే, పైపు మధ్య నుంచి లెక్కేసిన ప్రతి మీటరు నీటికి ప్లగ్ మీద పడే బలం 1.1 టన్నులు. వెనక నాలుగు మీటర్లు లేస్తే నాలుగున్నర టన్నులు. కాంక్రీటు గోడ జిగటగా ఉంటుంది, ప్లగ్ జారుతుంది. పొడి వైపు నుంచి ఐ సెక్షన్ (ఇనుప దూలం) సపోర్టు లేకుండా, గాలి ప్రెషర్ గేజ్ మీద ఒక కన్ను లేకుండా, రెండో అడ్డు లేకుండా దాని ముందు వైపు ఒక్క మనిషిని దింపొద్దు. పాత గేటు ఉంటే అది మొదటి అడ్డు, ప్లగ్ రెండోది.

గ్యాస్ గురించి నీకు చెప్పనవసరం లేదనుకుంటాను, అయినా చెప్తాను. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం దగ్గరికి వస్తే ముక్కు పని మానేస్తుంది. "ఇప్పుడు వాసన పోయింది సార్" అని మేస్త్రీ అన్నాడంటే బ్లోయర్ పనిచేసిందని అనుకోవద్దు, మీటర్ చూడు. నాలుగు గ్యాసుల డిటెక్టర్ తాడు కట్టి కిందికి దించి మూడు లోతుల్లో చూడాలి, పని జరుగుతున్నంతసేపూ అది లోపలే ఉండాలి. ఒక మ్యాన్‌హోల్ పంపులతో కలియబెడుతుంటే అడుగు బురదలోని గ్యాసంతా లేస్తుంది, మామూలు రోజుల రీడింగులు ఆ రోజు పనికిరావు. పంపుకు చెత్త పట్టిందంటే గొలుసుతో పంపునే పైకి లాగాలి, మనిషి దిగకూడదు. అందుకే హైడ్రా రాత్రి కూడా సైట్‌లోనే ఉండాలి. 2013 చట్టం మురుగు కాలువలోకి రక్షణ లేకుండా మనిషిని దింపడాన్ని నిషేధించింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇలాంటి మరణాలకు పరిహారం 30 లక్షలకు పెంచింది. కానీ బయట నిలబడ్డ ఇంజనీరుకు గుర్తుండేది ఆ అంకె కాదు, దిగినవాడిని తీయడానికి ఇంకొకడు దిగడం. ట్రైపాడ్, హార్నెస్ లేకుండా మూత తెరవనీయకు.

చిన్నవి కొన్ని, గబగబా. ప్రతి పంపుకు సొంత నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది) ఉండాలి. ఆగిన పంపు వాల్వులో గుడ్డ ఇరుక్కుంటే నడిచే పంపు నీళ్లు దాంట్లోంచే తిరిగి మ్యాన్‌హోల్‌లోకి వస్తాయి. మీటర్లు, శబ్దం అన్నీ బాగుంటాయి, మట్టం మాత్రం తగ్గదు. పైపు చివర గ్రిట్ చాంబర్ నీటిలో ముంచొద్దు, పైనుంచి పడనివ్వు, లేకపోతే పంపులు ఆగినప్పుడు సైఫన్ పట్టి పోసినదంతా వెనక్కి వస్తుంది. పైపు ఎత్తుగా లేచిన చోట ఎయిర్ వాల్వు. ప్లాంటు గేటు దగ్గర పైపు దాటే చోట ర్యాంపు కాకుండా కిందినుంచి తీయించు, నీ కాంక్రీటు లారీలే దాన్ని తొక్కుతాయి. పక్కన ఇళ్లుంటే రాత్రి పది నుంచి ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదని నియమం, కాబట్టి సైలెంట్ క్యానపీ (శబ్దం ఆపే పెట్టె) ఉన్న ఇంజిన్లే తేవాలి. డీజిల్ 2500 లీటర్ల లోపు, ఒక్కో ట్యాంకు 1000కి మించకుండా ఉంటే పెట్రోలియం లైసెన్స్ అక్కర్లేదు. ఊరేగింపో, ఏదో బందోబస్తో ఉండి రోడ్డు మూసినా సరిపడేలా రెండు రోజుల సరుకు ఎప్పుడూ లోపల ఉంచు.

ఇన్ని కాగితాలు పక్కన పెట్టి, ఇన్‌లెట్ చాంబర్‌కు దారి ఇంకా తెరిచి ఉండగానే ట్రయల్ రన్ చేయి. మొదట పైపును శుద్ధి చేసిన నీళ్లతో నింపి, నడిచే ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు ఎక్కించి జాయింట్లు చూడు. తర్వాత మురుగుతో ఇరవై నాలుగు గంటలు, నీళ్లు వచ్చే రోజునే ఎంచుకుని. పొద్దున ఎనిమిదింటికి, ఎవరికీ చెప్పకుండా, నడుస్తున్న పంపు బ్రేకర్ నువ్వే కిందికి లాగు. వాచీ చూడు. స్టాండ్‌బై లేవడానికి, సైరన్ మోగడానికి, ఆపరేటర్ అక్కడికి చేరడానికి ఎంత పట్టిందో రాసుకో. పన్నెండులో నాలుగు నిమిషాల్లోపు అయితే ప్లగ్ పెట్టడానికి ఒప్పుకో. ఆరేడు పట్టిందంటే ఎందుకో తేలేదాకా ఆగు. ఎంత ఒత్తిడి వచ్చినా, ఎవరు ఫోన్ చేసినా.

ఆపరేటర్ అంటే పంపు తెలిసినవాడు, షిఫ్టుకు ఇద్దరు. వాచ్‌మన్‌కు స్టార్టర్ బటన్ చూపించి వెళ్లిపోవడం మన దగ్గర మామూలు. అతనికి ఇచ్చే జీతానికి అది న్యాయమూ కాదు. లెవెల్ అలారం సైట్ సైరన్‌కే కాకుండా మూడు ఫోన్లకు మెసేజ్ వెళ్లేలా పెట్టించు, అందులో ఒకటి కాంట్రాక్టర్ సొంత నంబరు కావాలి. అతని నిద్ర చెడితే స్టాండ్‌బై బ్యాటరీ మరుసటి రోజే కొత్తది వస్తుంది.

పని అయ్యాక లైను తెరిచేటప్పుడు ప్లగ్ గాలి ఒక్కసారి వదలొద్దు. వెనక నిలిచిన నీళ్లు పది రోజుల బురదను తోసుకుంటూ వచ్చి కొత్త స్క్రీన్ల మీద పడతాయి. రాత్రి ఫ్లో తక్కువున్నప్పుడు, వెనక మట్టాన్ని బైపాస్ పంపులతోనే బాగా కిందికి లాగి, అప్పుడు నెమ్మదిగా వదులు. కొత్త పంపులు రెండు రోజులు నడిచేదాకా అద్దె పంపులను కదల్చనీయకు. అద్దె మీటరు తిరుగుతోందని కాంట్రాక్టర్ అదే రాత్రి లారీ తెస్తాడు, చూస్తూ ఉండు.

ఆ అద్దె మీటరు గురించే నువ్వు చివర్లో అడిగావు, బీఓక్యూలో (కాంట్రాక్టు పనుల, రేట్ల పట్టిక) బైపాస్ అంతా ఒకే లంప్‌సమ్ (మొత్తానికి ఒకే ధర) ఐటెంగా ఉంది, ఏం చేయాలని. లంప్‌సమ్‌లో మూడో పంపు, రెండో లైను, జాలీ మనిషి అన్నీ అతని జేబులోంచే పోతాయి, కాబట్టి అవి ఉండవు. అగ్రిమెంట్ ఇంకా సవరించే వీలుంటే దాన్ని విడగొట్టు: తేవడం, బిగించడం ఒక ఐటెం, నడిచే పంపుకు రోజు లెక్క ఒకటి, స్టాండ్‌బైకి రోజు లెక్క వేరే, ఆ షిఫ్టులో స్టార్ట్ చేసినట్టు లాగ్‌బుక్‌లో సంతకం ఉంటేనే చెల్లింపు, ఆపరేటర్లు, జాలీ కడిగేవాళ్లు షిఫ్టు లెక్క, డీజిల్ వాస్తవ ఖర్చు. సవరించే వీలు లేకపోతే మెథడ్ స్టేట్‌మెంట్‌లో (పని ఎలా చేస్తాడో కాంట్రాక్టర్ ఇచ్చే కాగితం) ఇవన్నీ రాయించుకుని, ట్రయల్ రన్ పాసైతేనే షట్‌డౌన్ అనుమతి అని ఒక లైను చేర్చి, దాని కింద నీ సంతకం పెట్టు. మ్యాన్‌హోల్ లెవెళ్లు, రెండు వారాల ఫ్లో రీడింగులు వచ్చాక పంపించు, నిమిషాల లెక్క మళ్లీ వేసి చూద్దాం.